పచ్చిక శాఖ పొట్టేలు

ఆ పొద్దున ఆకాశం కురిసేలా లేదు, ఊరుకునేలా లేదు. ఈనడానికి ముందు బర్రె తిరిగినట్టు మబ్బులు తూర్పున అటూ ఇటూ మసలాయి. కాసేపటికి తుంపర మొదలైంది. అదే సమయానికి మా హరితాంగణం అపార్ట్‌మెంట్ల లాన్‌లో స్ప్రింక్లర్లు కూడా లేచి గిరగిర తిరిగాయి. పైనుంచి వాన, కిందనుంచి వాన. వాన పడుతుంటే ఇవెందుకని నేను వాచ్‌మన్‌ను అడగలేదు. అంతకుముందు ఒకసారి అడిగాను. "వానకు తీర్మానం లేదు సార్, వీటికున్నది" అన్నాడు.

ఆ రెండు వానల మధ్య లాన్ నడిబొడ్డున పొట్టేలు ఒక్కటే పడుకుని ఉంది. కొమ్ముల మీంచి నీళ్లు కారుతున్నా చెవి కదపలేదు. మిగతా గొర్రెలన్నీ క్లబ్ హౌస్ చూరు కిందకు పరుగెత్తాయి. పొట్టేలు మెడలో కార్డు వేలాడుతోంది. దాని మీద ఫోటో, పేరు, హోదా ఉన్నాయి. ఆ రోజు దాని ఉద్యోగంలో చివరి రోజు. ఈ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఈ హరితాంగణం లేచిన నేల ఒకప్పుడు నా కందిచేను. డెవలప్‌మెంటుకు ఇచ్చాను. బదులుగా ఫ్లాట్లు ఇచ్చారు, నిర్వహణ కమిటీలో ఒక కుర్చీ కూడా ఇచ్చారు. కుర్చీ ముందు 'భూదాతల ప్రతినిధి' అని పలక ఉంటుంది. భూమి దానం చేసినట్టు నాకు గుర్తు లేదు. పలక మీద ఉంది గనుక చేసే ఉంటాను. నా చదువు మా ఊరి బడిలోనే ఆగింది కాబట్టి కమిటీలో నేను మాట్లాడను. "జంగయ్య గారి మౌనం మన కమిటీకి మూలధనం" అని అధ్యక్షుడు ప్రభంజన రావు గారే ఒకసారి మెచ్చుకున్నారు.

ప్రభంజన రావు గారు పెద్ద సర్కారీ కొలువు చేసి రిటైరయ్యారు. ఏ శాఖో ఆయన చెప్పరు. మాట వింటే అన్ని శాఖలూ ఆయనవేనేమో అనిపిస్తుంది.

గొడవ గడ్డి దగ్గర మొదలైంది. గడ్డి కోసే యంత్రం చప్పుడుకు ఇంటి నుంచి పనిచేసేవాళ్ల మీటింగులు పాడవుతున్నాయని ఫిర్యాదు వచ్చింది. కొడవళ్లతో కోయిస్తే సరిపోయేది. కానీ కొడవలి పట్టుకుని ఎవరూ గేటు లోపలికి రాకూడదని పాత తీర్మానం ఉంది. కొడవలి ఆయుధమట. యంత్రం ఆగింది, కొడవలి రాలేదు, గడ్డి మాత్రం తీర్మానం కోసం చూడకుండా మోకాలి దాకా పెరిగింది.

అప్పుడు అధ్యక్షుడు ఫోనులో ఒక వీడియో చూపించారు. ఎక్కడో చల్లటి దేశంలో పెద్ద భవనం ముందు గొర్రెలు గడ్డి మేస్తున్నాయి. చప్పుడు లేదు, పొగ లేదు.

"పర్యావరణహితమైన, శబ్దరహితమైన, స్వయంచాలకమైన పచ్చిక నియంత్రణ వ్యవస్థ" అన్నారు ఆయన.

అందరూ నావైపు చూశారు. గొర్రె అనగానే పల్లెటూరివాడి వైపు చూడడం చదువుకున్నవాళ్లకు అలవాటు.

"మీకు గొర్రెల సరఫరాదారులెవరైనా తెలుసా, జంగయ్య గారూ?"

నేను తల ఊపాను. తర్వాత జరిగినదంతా ఆ తల ఊపుడు వల్లనే.

మా వెనక గేటు అవతల, మురుగునీళ్లు శుద్ధి చేసే ట్యాంకు పక్కన, పోచమ్మ గుడి ఉంది. గుడి చుట్టూ పాత ఊరు కొంచెం మిగిలింది. అక్కడ కొమురవ్వ ఉంటుంది. గొర్రెల మంద ఒకప్పుడు పెద్దదే. మేతనేలలన్నీ ప్లాట్లయ్యాక గుప్పెడు మిగిలాయి. సంగతి చెబితే ముసిముసిగా నవ్వింది.

"నీ చేన్ల మేసినయే గదన్నా నా గొర్లు. నువ్వు ఎన్నిమార్లు ఎల్లగొట్టలే? ఇప్పుడు రమ్మని పిలుస్తున్నరా?"

"పిలుస్తున్నరు."

"అయితె పొట్టేలును గూడ తోల్త. బోనాల దాక మంచిగ మేస్తది."

ఆ పొట్టేలు సంగతి ఊరందరికీ తెలుసు. కోడలి కాన్పు కష్టమై పుట్టిన పిల్ల ఏడవలేదు. "తల్లీ, నా పిల్లను ఏడిపియ్యి, నీకు పొట్టేలునిస్త" అని కొమురవ్వ అక్కడికక్కడే మొక్కింది. పిల్ల ఏడ్చింది. అమ్మవారి పేరే, పోశమ్మ అని పెట్టారు, పోశి అని పిలుస్తారు. మొక్కు తీరేదాకా పుట్టు వెంట్రుకలు తీయకూడదు. ఆ జుట్టు పెరిగి కళ్ల మీద పడి, పోశి ఎవరిని చూసినా తడక సందులోంచి చూసినట్టు చూస్తుంది. పోయినేడు బోనాలకు ఇంట్లో చావు మైల వచ్చి మొక్కు ఆగింది. ఈ ఏడూ తప్పితే పిల్లకేమవుతుందోనని కొమురవ్వకు కంటి మీద కునుకు లేదు.

గొర్రెలు గేటు దగ్గరికి వచ్చాయి. గేటు తెరుచుకోలేదు. లోపల పనిచేసే ఎవరైనా ముఖం గుర్తుపట్టే యంత్రంలో నమోదు కావాలి. గొర్రెలు పనికే వచ్చాయి గనుక అవీ కావాలి. వాచ్‌మన్ మొదటి గొర్రెను ఎత్తి చూపించాడు. యంత్రం స్వాగతం చెప్పింది. రెండోదాన్ని చూపిస్తే, ఈ వ్యక్తి ఇప్పటికే లోపల ఉన్నారు అంది. మూడోదానికీ అదే మాట.

హేమలత గారు వచ్చారు. ఆమె పెద్ద కంపెనీలో హెచ్ఆర్ అధికారి, మా కమిటీలో సిబ్బంది వ్యవహారాలు చూస్తారు.

"ఒకే ఫేస్‌తో ఇంతమంది అటెండెన్స్ వేస్తే అది ప్రాక్సీ అవుతుంది. ఎథిక్స్ ఇష్యూ" అన్నారు. ఒక్కో గొర్రె మెడలో ఒక్కో కార్డు వేయించారు. యూనిఫాం ఉండాలని ఆకుపచ్చ కోట్లు కుట్టించారు. మధ్యాహ్నానికి ఒకదాని కోటు ఇంకొకటి తినేసింది. సంజాయిషీ కోరుతూ మెమో ఇచ్చారు. మెమోనూ తినేశాయి. 'మెమో స్వీకరించబడినది' అని వాచ్‌మన్ రాసుకున్నాడు.

గడ్డి మాత్రం బాగా తగ్గింది. ఆ మాట ఒప్పుకోవాలి.

ఎండ ఎక్కాక గొర్రెలు వేపచెట్టు కింద పడుకుని నెమరు వేసేవి. పై అంతస్తు బాల్కనీలోంచి ఒకావిడ ఫోటో తీసి గ్రూపులో పెట్టింది: మన మెయింటెనెన్సుతో వీళ్లు నిద్రపోతున్నారు. సాయంత్రం అత్యవసర సమావేశం పెట్టారు.

"నెమరు విశ్రాంతి కిందకు వస్తుందా, విధి కిందకు వస్తుందా అన్నది మౌలికమైన ప్రశ్న" అన్నారు ప్రభంజన రావు గారు. "మా శాఖలో ఒక ఫైలును చూసి పక్కన పెట్టేవాళ్లం. కొన్నాళ్లకు తీసి మళ్లీ చూసేవాళ్లం. దాన్ని ఎవరూ విశ్రాంతి అనలేదు."

"కానీ అవుట్‌పుట్ కనబడాలి కదండీ" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"కనబడుతోంది" అని రోజూ వాకింగ్ చేసే ఒక పెద్దమనిషి చెప్పు ఎత్తి చూపించాడు.

హేమలత గారు కళ్లు మూసుకుని ఆలోచించి తెరిచారు. "నెమరును వర్క్ ఫ్రమ్ హోమ్ అనుకుందాం. ఆఫీసులో తీసుకున్న పనిని ఇంటి దగ్గర పూర్తి చేయడమే కదా."

చప్పట్లతో ఆమోదించారు. కాకపోతే చిక్కొకటి వచ్చింది. ఇంటి నుంచి చేసే పని ఇంట్లోనే చేయాలి, లాన్‌లో చేయకూడదు. అందువల్ల గొర్రె నెమరు మొదలుపెట్టగానే గేటు బయటికి తోలాలి, ఆపగానే లోపలికి తోలాలి. నోరు కదలడం చూసి ఏది మేత, ఏది నెమరు తేల్చడానికి ఒక సూపర్‌వైజర్‌ను వేశారు. రోజంతా గొర్రెల నోళ్లు చూసి చూసి అతను తన సద్ది తినడం మర్చిపోయేవాడు. ఒకరోజు మా ఆవిడ జొన్నరొట్టె పంపితే, నమలుతూ ఉలిక్కిపడి లేచి గేటు బయటికి పోయి తిన్నాడు.

ఆ రోజుల్లోనే హేమలత గారి కన్ను పొట్టేలు మీద పడింది. అది ఎటు నడిస్తే మంద తల వంచుకుని అటు నడుస్తుంది. ఆగితే ఆగుతుంది. క్లబ్ హౌస్ మెట్ల మీద నిలబడి ఆమె చాలాసేపు చూశారు. కళ్లు చెమర్చాయి.

"మా కంపెనీలో లీడర్‌షిప్ ట్రైనింగ్ ఇచ్చి ఇచ్చి అలసిపోయాం, జంగయ్య గారూ. ఒక్కడు కూడా ఇంకొకడి వెనక నడవడు. ఈ టాలెంట్ ఎక్కడ దాక్కుంది ఇన్నాళ్లూ?"

నేనేమంటాను? వెనక గేటు అవతల దాక్కుంది.

పొట్టేలుకు పచ్చిక శాఖ టీమ్ లీడర్‌గా పదోన్నతి వచ్చింది. లీడర్‌కు పేరుండాలి గనుక హరిత్ కుమార్ అని పెట్టారు. ఆ మాట విని కొమురవ్వ నా దగ్గరికి ఉరికొచ్చింది.

"అమ్మోరి పొట్టేలుకు పేరు పెట్టొద్దన్నా! పేరు పెడితె మనదైతది. మనదైతె ఇయ్య చేతులొస్తయా?"

"చెప్త" అన్నాను. చెప్పలేదు. చెప్పడం నాకు అలవాటు లేదు.

పదోన్నతి సభ లాన్‌లోనే పెట్టారు. ప్రతి సోమవారం ప్రభంజన రావు గారు మైకు పట్టుకుని సిబ్బందికి సందేశం ఇస్తారు, ఆ రోజు అది కొంచెం పొడుగయింది. ఆయన మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుని, "సభ్యులారా!" అన్నారు. మైకు కీచుమంది. శాలువా కప్పుకుని నిలబడిన పొట్టేలు చెవుల దగ్గర మొదలుపెట్టి తోక దాకా గజగజ ఒళ్లు విదిలించింది. శాలువా పోయి ట్రెజరర్ మొహాన పడింది.

"చూశారా, ప్రెసిడెంట్ గారి ఒక్క మాటకు ఎంత రెస్పాన్సో!" అన్నారు హేమలత గారు.

తర్వాతి సోమవారం కూడా నేను చూశాను. "సభ్యులారా!" అనగానే విదిలించింది. ఆ పై సోమవారమూ అంతే. స్ప్రింక్లర్ల కింద మాత్రం గంటలకు గంటలు కదలకుండా పడుకునేది. నీళ్లంటే దానికి అలవాటైపోయింది. అధ్యక్షుడు మాత్రం అలవాటు కాలేదు.

బోనాలు దగ్గర పడ్డాయి. కొమురవ్వ పొట్టేలును తీసుకుపోదామని వస్తే గేటు కీచుకీచుమంది. టీమ్ లీడర్‌ను రిలీవ్ చేయకుండా బయటికి పంపడం కుదరదన్నారు. ఆమె పోశిని చంకనేసుకుని, చెప్పులు బయట విడిచి, కమిటీ ముందుకు వచ్చింది.

"నా పొట్టేలును నాకియ్యుండ్రి సారూ."

"రాజీనామా సమర్పించారా?" అన్నారు అధ్యక్షుడు.

"ఎవలు?"

"హరిత్ కుమార్."

కొమురవ్వ నావైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"నోటీస్ పీరియడ్ ఉంటుందమ్మా" అని హేమలత గారు మెత్తగా చెప్పారు. "ఉన్నపళంగా వెళ్లిపోతే టీమ్ ఏమైపోతుంది? తన పని ఇంకొకరికి నేర్పించి వెళ్లాలి."

"ఏం పనమ్మా? గడ్డి మేసుడు గూడ నేర్పాల్నా?"

నేర్పించారు. వారసుడిగా ఒక కుర్ర పొట్టేలును ఎంపిక చేసి, రెండింటినీ బాస్కెట్‌బాల్ కోర్టులో ఎదురెదురుగా నిలబెట్టి తలుపు వేశారు. అవి వెనక్కి నడిచి, ఉరికొచ్చి, తలలు ఢీకొట్టుకున్నాయి. మళ్లీ వెనక్కి నడిచాయి. హేమలత గారు ఇనుప జాలీలోంచి చూసి, "మొదట్లో అభిప్రాయ భేదాలు సహజం" అన్నారు. సాయంత్రానికి బాస్కెట్‌బాల్ స్తంభం ఒకటి పడిపోయింది.

కొమురవ్వ రోజూ వచ్చింది. వచ్చినప్పుడల్లా పోశి ముక్కు మీది జుట్టును ఊదుకుంటూ కమిటీని చూసేది. ఆఖరికి కొమురవ్వ కొంగు చాపింది.

"సారూ, పోచమ్మ తల్లికి మాటిచ్చిన. ఇది ఆమె సొమ్ము. ఈ బోనాలకు ఒప్పజెప్పకపోతె పిల్ల మీదికొస్తది. మీకు పుణ్యముంటది, ఇడువుండ్రి."

ప్రభంజన రావు గారు నిటారుగా కూర్చున్నారు. "అంటే దేవాలయ సేవకా? ఆ మాట ముందే చెప్పాలి కదా! ధార్మిక సంస్థ కోరితే సిబ్బందిని డెప్యుటేషన్ మీద పంపే సంప్రదాయం ఉంది. సేవా కాలం ముగిశాక తిరిగి మాతృసంస్థలో రిపోర్ట్ చేయాలి."

"గుడిలో ప్రశాంతంగా ఉంటాడు" అన్నారు హేమలత గారు, కళ్లు తుడుచుకుంటూ. "బర్నవుట్ అయ్యాడు పాపం, ఈ మధ్య."

కొమురవ్వకు ఆ మాటల్లో ఒక్కటే అర్థమైంది, పొట్టేలును ఇస్తున్నారని. రెండు చేతులెత్తి దండం పెట్టింది. కమిటీకి అర్థం కాని మాట కూడా ఒక్కటే. అది చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఎదురుగా పలక కనబడింది, మూసుకున్నాను.

అదిగో, ఆ రెండు వానల పొద్దునే దాని ఆఖరి రోజు. బోనాల ఆదివారం.

స్ప్రింక్లర్లు ఆగాయి, తుంపర ఆగింది. కమిటీ అంతా ఉతికిన బట్టలతో దిగింది. పొట్టేలు మెడలో పూలదండ, దాని మీద కార్డు. హేమలత గారు జ్ఞాపిక పట్టుకున్నారు. అవతల డప్పులు మోగాయి. వెనక గేటు తెరవగానే పొట్టేలు ముందు నడిచింది, దాని వెనక మంద నడిచింది, మంద వెనక కమిటీ నడిచింది. ఎవరూ పక్కకు తప్పలేదు. లీడర్‌షిప్ అంటే ఏమిటో నాకు అప్పుడే అర్థమైంది.

గుడి ముందు వేపమండలు కట్టారు. బోనాలు దించారు. వేపచెట్టు కింద జుట్టు తీసే రాజలింగం గిన్నెలో నీళ్లు పెట్టుకుని, పోశిని పక్కన కూర్చోబెట్టుకుని ఎదురు చూస్తున్నాడు. మరోపక్క మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గుండిగ. దాని పక్కన సాయిలు కత్తి నూరుతున్నాడు.

కొమురవ్వ పొట్టేలుకు దండం పెట్టి, చెంబుతో పసుపునీళ్లు దాని వీపు మీద పోసింది. డప్పులు జోరందుకున్నాయి. అందరూ ఊపిరి బిగబట్టారు. పొట్టేలు అలాగే నిలబడి, నోట్లో మిగిలిన గడ్డిపరకను నమిలింది.

"ఏం చూస్తున్నారు అందరూ?" అని హేమలత గారు సాయిలును అడిగారు.

"ఒళ్లు దులపాలెనమ్మా. దులిపితె అమ్మ మెచ్చినట్టు, అది ఒప్పుకున్నట్టు. దులపకుంటె నేను కత్తి ముట్ట."

"కత్తా? కత్తెందుకు?"

సాయిలు గుండిగ వైపు చూశాడు. హేమలత గారూ గుండిగ వైపు చూశారు. చేతిలోని జ్ఞాపిక కింద పడింది.

"ప్రెసిడెంట్ గారూ! వీళ్లు హరిత్‌ను..."

ప్రభంజన రావు గారి మొహంలో రంగులు మారాయి. ఈలోగా కొమురవ్వ రెండో చెంబు పోసింది. లేదు. చెవుల్లో పోసింది. లేదు. బిందె తెచ్చి కుమ్మరించింది. నెలల తరబడి స్ప్రింక్లర్ల కింద ఉద్యోగం చేసిన పొట్టేలు ఆ నీళ్లలో హాయిగా కళ్లు మూసుకుంది.

డప్పులు ఒక్కొక్కటే ఆగాయి. కొమురవ్వ గడప ముందు కూలబడింది.

"తల్లీ, ఏం తప్పు జేసిన? పోయినేడు నువ్వే అడ్డం పెడ్తివి. ఈయేడు గూడ వద్దంటివా? పిల్లనేం జేస్తవే తల్లీ!"

పోశి బిత్తరపోయి జుట్టు సందులోంచి నాయనమ్మను చూసింది. రాజలింగం కత్తి మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు.

హేమలత గారు మాత్రం తేరుకున్నారు. కళ్లు మెరిశాయి. "ఉద్యోగి సమ్మతి లేదు! వినండి అందరూ. ఇక్కడి రూలు చాలా బాగుంది. మా కంపెనీలో కూడా లేదు ఇంత మంచి రూలు. తను ఒప్పుకుంటేనే జరగాలి. ఒప్పుకోలేదు. కాబట్టి తిరిగి డ్యూటీలో చేరతాడు."

"ఒప్పుకుంటె?" అన్నాడు సాయిలు.

"ఒప్పుకుంటే మేమెవరం కాదనడానికి? సమ్మతి అంటే సమ్మతే."

"అవును. ఇందుమూలముగా కమిటీ కూడా ఆ నియమానికి కట్టుబడి ఉంటుంది" అన్నారు ప్రభంజన రావు గారు. "హరిత్ కుమార్‌ను తక్షణమే విధుల్లోకి పునర్నియమిస్తూ..."

ఊరివాళ్లకు సరిగా వినబడక వెనకనుంచి "ఏమంటున్నడు?" అని గుసగుసలాడారు. నేను కొమురవ్వను చూశాను. పోశిని చూశాను. బోనాల పాటలకు తెచ్చిన మైకు వేపకొమ్మకు ఆనించి ఉంది. దాన్ని తీసి అధ్యక్షుడి వైపు చాచాను. కమిటీలో చేరాక నేను మాట్లాడిన మొదటి మాట ఇది.

"మైకుల చెప్పుండ్రి సార్. అందరికి ఇనవడాలె."

ఆయన నావైపు మెచ్చుకోలుగా చూశారు. మైకు అందుకున్నారు. చొక్కా సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"సభ్యులారా!"

మైకు కీచుమంది. పొట్టేలు కళ్లు తెరిచింది. చెవుల దగ్గర మొదలైంది వణుకు. మెడ, వీపు, పొట్ట, తోక, అంతా గజగజ విదిలించింది. బిందెడు పసుపునీళ్లు ఎగిరి అధ్యక్షుడి తెల్లచొక్కా మీద, హేమలత గారి పట్టుచీర మీద, కమిటీ మొత్తం మీద పడ్డాయి. కార్డు తెగి ఎక్కడో పడింది.

"ఒప్పుకుందిరో!" అని సాయిలు అరిచాడు. డప్పులు పగిలిపోయేలా మోగాయి. కొమురవ్వ లేచి వచ్చి పసుపు కారుతున్న అధ్యక్షుడి కాళ్ల మీద పడింది.

"నువ్వు పిలిస్తె పలికింది సారూ! అమ్మ నీ నోట్లె ఉన్నది!"

ప్రభంజన రావు గారి చేతిలో మైకు ఇంకా ఉంది. హేమలత గారు ఏదో అనబోయి ఆగారు. సమ్మతి అంటే సమ్మతే.

మధ్యాహ్నానికి మబ్బు విడిచి ఎండ కాసింది. గుడి పక్కన నేల ఊడ్చి, మోదుగాకు విస్తర్లు వేశారు. అమ్మ దగ్గరికి వచ్చి తినకుండా పోకూడదని కొమురవ్వ కమిటీని వరుసగా కూర్చోబెట్టింది. లేచిపోవడానికి వాళ్లకు ఏ తీర్మానమూ గుర్తు రాలేదు. నేనూ వాళ్ల పక్కనే కూర్చున్నాను. గొర్రెలు ఎండలో పడుకుని నెమరు వేస్తున్నాయి. వాటి నోళ్లు చూసే సూపర్‌వైజర్ వాటికి వీపు పెట్టి కూర్చుని, మొదటిసారి నింపాదిగా అన్నం కలుపుకున్నాడు.

నున్నటి గుండు మీద పసుపు రాసుకుని పోశి వచ్చింది. ఇన్నాళ్లకు దాని కళ్లు పూర్తిగా కనబడ్డాయి, పెద్ద కళ్లు. అందరినీ ఒకసారి చూసి, పోయి ప్రభంజన రావు గారి ఒళ్లో కూర్చుంది. కొమురవ్వ గుండిగలో గరిటె తిప్పి, వెతికి వెతికి, మంచి ఎముక, మూలుగు బొక్క తీసి ఆయన విస్తట్లో పెట్టింది. పొట్టేలును ఒప్పించినవాడికి అది మర్యాద.

ఆయన బొక్కను చూశారు. ఒళ్లోని పిల్లను చూశారు. పక్కన హేమలత గారు తల వంచుకుని, కళ్లు తుడుచుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కాసేపటికి ఆవిడ ఇంకో ముద్ద కలిపారు. ఆయన కూడా బొక్క అందుకున్నారు.

అందరం తిన్నాం.